ఆదివారం కడిగిన కాళ్ళు

(విదేశీ సంఘాల నుంచి వచ్చే సేవా బృందాలతో కలిసి పనిచేయబోతున్న యువతీ యువకుల కోసం నరసాపురంలో ఏర్పాటైన సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసుకున్న పాఠం ఇది.)

అందరికీ వందనాలు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఫ్యాను కింద చోటుంది. మీరు అక్కడ నిలబడితే నేను అరవాలి, నా గొంతు ఇప్పుడు అంత లేదు.

పాస్టరు గారు నన్ను ఆరాధన, సేవ అనే మాటల మీద ప్రసంగం చేయమన్నారు. నాకు ప్రసంగాలు రావండీ అన్నాను. ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళకి మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ. అయితే ఆ ఉద్యోగంతో పాటు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు కదా అని, బయటి దేశాల సంఘాల వాళ్ళు ఎవరొచ్చినా పక్కన నిలబెట్టి తర్జుమా చెప్పించేవారు. అలా ఒక ఇరవై బృందాల దాకా చూసి ఉంటాను. వాళ్ళందరి గురించీ చెబితే రాత్రవుతుంది. ఒక్క ఆదివారం గురించి చెబుతాను. పదిహేనేళ్ళ కిందటి మాట, సంక్రాంతి వెళ్ళాక రెండో ఆదివారం.

ఇంగ్లండు నుంచి పదకొండు మంది వచ్చారు. పది రోజుల ట్రిప్పు. అందులో ఒకాయన కళ్ళజోళ్ళ షాపు నడిపి రిటైరైన పెద్దమనిషి, ఒకాయన వడ్రంగి, ఇద్దరు నర్సులు, ఒక టీచరమ్మ, మిగతావాళ్ళు కాలేజీ పిల్లలు. వారమంతా బడిలో తలుపులు బాగుచేయడం, గోడలకు సున్నం వేయడం, ఏదో ఒకటి చేశారు. ఆదివారం నాడు ఏటి అవతల ఒక ఊళ్ళో పొద్దున ఆరాధన, మధ్యాహ్నం వైద్య క్యాంపు అని అనుకున్నాం. ఊరి పేరు చెప్పను. అంతర్వేది వైపు ఉంటుంది.

పొద్దున్నే ఇక్కడ రేవులో పంటు ఎక్కాం, అదే, బండ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ. ఇప్పటి పిల్లలు చించినాడ వంతెన మీదుగా బైకుల మీద వెళ్ళిపోతారు గానీ, నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్ళాలంటే పంటు మీద వెళ్ళడమే అందం. రెండు జీపులు, పాతిక మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, ఒక గేదె, వాటి మధ్యలో మా తెల్లవాళ్ళు. వశిష్ఠ మీద మంచు ఇంకా విడలేదు. వడ్రంగాయన గోదావరి వెడల్పు చూసి ఇది సముద్రమా అని అడిగాడు. కాదు, ఇది గోదావరిలో ఒక పాయ మాత్రమే, సముద్రం ఇంకా కిందికి ఉంది అన్నాను. ఆయన నమ్మలేదు. చేత్తో నీళ్ళు తీసుకుని నాలుకకు రాసుకుని చూశాడు. మావాళ్ళు నవ్వారు. పోటు వేళల్లో ఆ రేవు దగ్గర నీళ్ళు ఉప్పగానే ఉంటాయి, కాబట్టి ఆయన అనుమానం తీరలేదనుకోండి.

ఆరాధన సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. గుమ్మం బయట చెప్పులు, లోపల చాపలు, ఆడవాళ్ళు ఒక వైపు ముసుగులేసుకుని, మగవాళ్ళు ఒక వైపు. పాటల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, టీచరమ్మ అది చూసి ఏమిటని అడిగింది. నేను వివరించేలోపే తబలా మొదలైంది. ఆవిడ ముఖం చూశాను. తమ దేశం నుంచి వచ్చిన మతం అనుకుని వచ్చింది, ఇక్కడేమో మన రాగాలు. అయినా అది వాళ్ళ దేశం నుంచి వచ్చింది కాదు, వాళ్ళకీ ఎక్కడి నుంచో వచ్చిందే. ఆ మాట పంటు మీద తిరిగొచ్చేటప్పుడు చెప్పాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. వచ్చినవాళ్ళని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. రెండు ముక్కలే ఎందుకంటే, టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు మన దేశంలో వాక్యం బోధించకూడదు, కరపత్రాలు పంచకూడదు. ఆరాధనలో అందరితో పాటు కూర్చోవచ్చు. ఇది రూలు, మీరు కూడా రాసుకోండి. వచ్చేవాళ్ళకి తెలియకపోవచ్చు, పిలిచేవాళ్ళకి తెలియాలి. సరే, టీచరమ్మ లేచి వందనాలు చెప్పి, మీ దగ్గర ఇంత తక్కువ ఉన్నా మీరెంత సంతోషంగా ఉన్నారో చూసి మాకు ఆశ్చర్యంగా ఉంది అని ఇంగ్లీషులో అంది. నేను ముందు వరస చూశాను. పెళ్ళిళ్ళ సీజను. ఒకావిడ మెడలో ఐదు కాసుల గొలుసు. ఆమె పక్క చాప మీద పదెకరాల రొయ్యల చెరువులున్న పెద్దమనిషి, కారు బయట పెట్టి వచ్చి కూర్చున్నాడు. (సభలో నవ్వులు) ఆ మాట తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మమ్మల్ని ఇంత ఆదరంగా పిలిచారు, మాకెంతో సంతోషం" అని చెప్పేశాను. అందరూ స్తోత్రం అన్నారు. ఆవిడ కూడా తన మాటకే స్తోత్రం అన్నారనుకుని మురిసిపోయింది.

ఆరాధన అయ్యాక ఒక ఇంజినీరింగు చదివే కుర్రాడు వచ్చి, "ఆంటీ, ఆవిడ అన్నది అది కాదుగా" అన్నాడు. "అనాల్సింది అదేలే నాయనా" అన్నాను. వాడి దగ్గర తప్పించుకున్నాను గానీ, తర్జుమా చెప్పేవాళ్ళు అలా చేయకూడదు. వచ్చినవాళ్ళకి తామేమన్నారో తెలియకుండా పోతుంది, మనవాళ్ళకి తమ గురించి వచ్చినవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలియకుండా పోతుంది. సాయంత్రం ఆవిడకి విషయం చెప్పాను. చెవులు ఎర్రబడ్డాయి పాపం. నా చేయి పట్టుకుని, ఆ ముందు వరస ఇళ్ళు మా ఇంటికన్నా పెద్దవేమో కదా అంది. అవునండీ అన్నాను. అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, శనివారం రాత్రే కూర్చోబెట్టి, రేపు ఏం మాట్లాడతారో ఒకసారి చెప్పండి, విందాం అంటాను. మీరూ అదే చేయండి.

ఆ వేళ పంట కానుకలు కూడా పెట్టారు. అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కొత్త బియ్యం బస్తా, ఒక నాటుకోడి పుంజు. వేలం పాట మొదలైంది. మా వడ్రంగాయన పక్కాయనకి దండం పెట్టబోయి చేయెత్తాడు, అంతే. "దొరగారు ఎనిమిది వందలు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" (నవ్వులు) కోడిపుంజుని తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆయన నిజంగానే ఎనిమిది వందలు కట్టాడు. ఆ కోడిని ఏం చేయాలో తెలియక, పాట అయ్యేదాకా బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుని, చివరికి పాస్టరమ్మగారికి ఇచ్చాడు. నా లెక్కలో ఆయన ఆ ట్రిప్పులో చేసిన మంచి పనుల్లో అదొకటి. ఎందుకంటే ఆ గంటసేపు ఆయన దాత కాదు, పాటలో పాడుకున్న పదిమందిలో ఒకడు. ఆ తర్వాత ఊళ్ళో పిల్లలు ఆయన్ని కోడి తాతయ్య అని పిలిచారు.

ప్రేమవిందులో చికెన్ పలావు, పెరుగు చట్నీ పెట్టారు. దాని గురించి చెప్పి మీకు ఆకలి పుట్టించను.

క్యాంపు విషయంలో ముందు వారం చిన్న గొడవ అయింది. పెద్దల్లో ఒకాయన, ఆరాధన దినాన మందుల షాపు తెరుస్తారా అన్నారు. ఆయన మాట తీసిపారేయలేం, ఆ రోజుకి ఒక గౌరవం ఉంది. ఇంకో పెద్దాయన లూకా సువార్త పదమూడో అధ్యాయం తీసి, పద్దెనిమిదేళ్ళుగా నడుం వంగిపోయిన స్త్రీని విశ్రాంతి దినాన బాగుచేసిన సంగతి చదివారు. వాదన అక్కడితో ఆగింది. నేను మాత్రం ఇంకో మాట అన్నాను. ఆదివారం బడి ఖాళీగా ఉంటుంది, కూలికెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరుంటారు, క్యాంపుకి అంతకన్నా మంచి రోజు లేదు. అయితే చర్చి ఆవరణలో వద్దు, బడి వరండాలో పెడదాం. వచ్చేవాళ్ళలో మన సంఘం వాళ్ళు ఉంటారు, రామాలయం వీధి వాళ్ళు ఉంటారు, మసీదు వెనకవాళ్ళు ఉంటారు. కాలు నొప్పితో వచ్చినవాడికి ఇక్కడ మందు కావాలంటే పాట వినాలేమో అన్న అనుమానం రాకూడదు. ఒప్పుకున్నారు. మందులు రాయడానికి మన డాక్టరు గారినే పిలిచాం. బయటి దేశపు డాక్టరైనా నర్సైనా ఇక్కడ అనుమతి లేకుండా వైద్యం చేయకూడదు. వాళ్ళు పక్కనుండి పనిలో చేయి వేయొచ్చు, చీటీ రాయకూడదు. విదేశీ డబ్బు సంగతి కూడా అంతే, విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం చేతిలో ఒక్క కవరు కూడా పెట్టించుకోకండి. ఇవన్నీ విసుగ్గా ఉంటాయని తెలుసు. ఒకసారి పోలీసు స్టేషనులో సాయంత్రం దాకా కూర్చుంటే విసుగు పోతుంది.

వరండాలో ఒక మూల కళ్ళజోళ్ళు. నలభై దాటాక దగ్గరివి కనపడకపోవడం మామూలే కదా, ప్లస్ ఒకటి నుంచి ప్లస్ మూడు దాకా రెడీగా చేసిన జోళ్ళు పెట్టెల్లో తెచ్చారు. మన వైపు వీటి అవసరం అంతా ఇంతా కాదు, ఎందుకో మీకు తెలుసు. లేసు. నరసాపురం లేసు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ఇళ్ళలో మొదలైంది, ఇవాళ ఈ చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని అల్లుతున్నారు. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. అల్లేవాళ్ళకి మటుకు ముక్కకింత అని చేతికొచ్చేది కొంచెమే. అది వేరే ప్రసంగం.

పెద్దాయన గోడకి చార్టు తగిలించి, జోడు పెట్టి, అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడగమన్నాడు. అరవై దాటిన ఒకావిడ కూర్చుంది. చార్టు వైపు చూడలేదు. బొడ్లోంచి ఒక చిన్న మూట తీసింది, అందులో దారపు ఉండ, లేసు సూది, సగం అల్లిన పువ్వు. జోడు పెట్టుకుని నాలుగు గొలుసులు అల్లింది. తీసేసింది. ఇంకోటి పెట్టుకుంది, మళ్ళీ నాలుగు గొలుసులు. ప్లస్ మూడు పెట్టుకున్నప్పుడు ఎక్కువ కనిపిస్తుందిగా అన్నాను. "కనిపిస్తోందమ్మా, కానీ ముక్కు దగ్గర పెట్టుకోవాలి. రోజంతా మెడ వంచుకుని కూర్చోలేను కదా" అంది. రెండున్నర దగ్గర ఆగింది. ఒళ్ళో చేతులుంచుకుంటే కుట్టు కనిపించాలి, అదీ ఆవిడ లెక్క. పెద్దాయన లేచి ఆ చార్టు తీసి చుట్టేశాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మనిషినీ మీరేం పని చేస్తారని అడిగి, వల కట్టేవాడికి దారం, బియ్యం ఏరే ఆవిడకి చాటలో బియ్యం ఇచ్చి చూశాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఇది నాకెవరూ చెప్పలేదన్నాడు. అసోంలో తేయాకు కోసేవాళ్ళకి ఇలాంటి దగ్గరి చూపు జోళ్ళే ఇచ్చి చూస్తే, రోజుకి కోసే ఆకు ఇరవై శాతం పైన పెరిగిందని 2018లో ఒక పరిశోధన అచ్చయింది. అది చదివినప్పుడు నాకు ఆవిడ మూటే గుర్తొచ్చింది.

ఇక రెండో మూల. నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

బోదకాలు. మీలో సగం మంది ఇళ్ళలో ఒక అమ్మమ్మకో తాతయ్యకో ఉండే ఉంటుంది. మురుగు నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ వల్ల వస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలేరియా విభాగం వాళ్ళు, అంటే బోదకాలు పరీక్షలు చేసేవాళ్ళు, రాత్రి పూట వచ్చి తలుపులు కొట్టి వేలి మీద పొడిచి రక్తం తీసేవారు. దోమ మోసుకొచ్చి ఈ జబ్బు తెచ్చే సన్నటి పురుగుల పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి, అందుకు. జనం రక్తం దొంగలని తిట్టేవాళ్ళు. తర్వాత ఏడాదికోసారి ఊరందరికీ ఆ పురుగుల్ని చంపే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు వేయడం వచ్చింది. మనవాళ్ళు వాటిని బుగ్గన పెట్టుకుని వాలంటీరు వెళ్ళాక ఉమ్మేసేవారు, అది కూడా చూశాను. మాత్రలు కొత్తగా జబ్బు పాకకుండా ఆపుతాయి. ఒకసారి వాచి గట్టిపడిన కాలిని మాత్ర తిరిగి సన్నం చేయలేదు. అలాంటి కాలికి కావలసింది సబ్బు, నీళ్ళు, పొడిగుడ్డ. నమ్మరు. వేళ్ళ సందుల్లో తడి నిలిచి, చర్మం తెల్లగా నాని, చిట్లి, అందులోంచి క్రిములు లోపలికి పోతాయి. గజ్జల్లో బిళ్ళ కట్టి, చలి జ్వరం వచ్చి, మనిషి నాలుగు రోజులు మంచాన పడతాడు. లేచేసరికి కాలు ఇంకొంచెం లావు. ఆ జ్వరం రాకుండా చూస్తే చాలు, సగం బతుకు తిరిగొచ్చినట్టే. దానికి రోజూ కడగాలి.

ఆ వేళ పొద్దున ఆరాధనలో చదివింది యోహాను పదమూడో అధ్యాయం. ప్రభువు నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన భాగం. పాస్టరు గారు కావాలనే పెట్టారు. బృందంలో పిల్లలు అది విని బాగా కదిలిపోయారు, మధ్యాహ్నం కాళ్ళు కడిగేది మేమే అని నలుగురు ముందుకొచ్చారు. అంతకు ముందు వారం రోజులుగా వాళ్ళకి కడగడం నేర్పుతూనే ఉన్నాను కూడా.

మొదట వచ్చినాయన డెబ్బై ఏళ్ళ చేపల వేటగాడు. ఎడమ కాలు మోకాలి దాకా, మడతలు పడి, చీలమండ దగ్గర చర్మం చెట్టు బెరడులా ఉంది. పంచె కిందికి లాక్కుని కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళ నర్సు పిల్ల బేసిన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. ఆయన కాలు వెనక్కి లాగేసుకున్నాడు. మళ్ళీ చాచింది, మళ్ళీ లాక్కున్నాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, ఆయన కాలు చూపించడానికి సిగ్గుపడుతున్నాడా, నాకేం అసహ్యం లేదని చెప్పండి అంది. చెప్పాను. ఆయనేమన్నాడో తెలుసా? "సిగ్గు కాదండి నర్సమ్మగారూ. ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న కాలు, దీనికి కొత్తగా సిగ్గేంటండి. ఆ పిల్ల మా మనవరాలి ఈడు. ఏడు సముద్రాలు దాటి మనూరొచ్చింది. ఇంటికొచ్చిన మనిషి చేత కాళ్ళు పట్టించుకుంటామా అండి?"

పొద్దున చదివిన భాగంలో శిష్యుల్లో ఒకడైన పేతురు కూడా నా కాళ్ళు కడగొద్దనే అన్నాడు కదా. ఈయన ఆ అధ్యాయం ఎప్పుడూ విన్నవాడు కాదు. ఇది మన వైపు మర్యాద. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి చెంబుతో నీళ్ళిచ్చి కాళ్ళు కడుక్కోమంటాం. ఆ మర్యాద తిరగబడితే ఇంటాయనకి నిద్ర పడుతుందా? నేను ఆ పిల్లకి అది వివరిస్తూ ఉండగానే ఆయన లేచాడు. కుంటుకుంటూ బోరింగు దగ్గరికి వెళ్ళి, స్టీలు చెంబు నింపుకొచ్చి, "చెప్పులిప్పమనండి" అన్నాడు. ఇప్పింది. వంగి ఆ తెల్ల పాదాల మీద నీళ్ళు పోశాడు. ఒక్కటే ధార, ముందు కుడి, తర్వాత ఎడమ. చెంబు బోర్లించి పక్కన పెట్టి, వచ్చి బెంచీ మీద కూర్చుని, పంచె మోకాలి దాకా తీశాడు. "ఆయ్, ఇప్పుడు కడగమనండి."

ఆ పిల్ల ఏడ్చింది. ఏడవనిచ్చాను, కానీ చేతులు ఆపనివ్వలేదు. కాలేజీ కుర్రాడొకడు కెమెరా పైకెత్తాడు. ఆయన పంచె టక్కున కిందికి జారింది. నేను వెళ్ళి లెన్సు మీద నా అరచేయి పెట్టాను. వాడు మంచివాడే, పాపం, ఇంటి దగ్గర సంఘానికి చూపించాలనుకున్నాడు. కానీ ఆ కాలు ఆయనది. కెమెరా బ్యాగులోకి వెళ్ళాకే పంచె మళ్ళీ పైకొచ్చింది.

కడగడం ఎలాగో చెబుతాను, వినండి. వేడినీళ్ళు కాదు, మామూలు నీళ్ళు. వాపు ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి కిందికి, చేతి వేళ్ళతోనే, పీచుతో రుద్దకూడదు. ప్రతి మడతా విప్పి చూడాలి. వేళ్ళ సందుల్లోకి పలచటి గుడ్డ పోనిచ్చి మెల్లగా తీయాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి, ఆయనకి ఐదు సార్లు మార్చాం. తర్వాత అద్దాలి, తుడవకూడదు. సందులు పూర్తిగా ఆరాలి. చిట్లిన చోట డాక్టరు గారు చెప్పిన ఆయింట్‌మెంట్. రెండో కాలు బాగానే ఉన్నా దాన్నీ కడగాలి. ఇరవై నిమిషాలు పట్టింది. ఎలా ఉంది తాతా అని అడిగితే "చల్లగా ఉందండి" అన్నాడు, అంతే.

అప్పుడు చూశాను. స్తంభం పక్కన ఆయన కోడలు నిలబడి ఉంది, చంకలో పిల్లాడు. బేసిన్ చుట్టూ మా బృందమంతా మూగింది, అందరి వీపులూ ఆమె వైపే. ఇంత సేపూ ఆమెకి ఏమీ కనిపించి ఉండదు. మా పంటు ఐదింటికి. రేపు పొద్దున ఆ కాలు కడగాల్సింది ఎవరు? ఈ పిల్లా, నేనా? నాకు ఒళ్ళు జల్లుమంది. వారం రోజులు కష్టపడి ఇంగ్లండు పిల్లలకి కాళ్ళు కడగడం నేర్పాను, ఈ ఊళ్ళో ఒక్కరికీ నేర్పలేదు. ఆమెని పిలిచాను, పిల్లాణ్ణి కోడి తాతయ్యకిచ్చాను, రెండోసారి కడిగించాను. ఈసారి ఆమె చేత, ఆ తాత చేత. నర్సు పిల్ల పక్కన కూర్చుని నీళ్ళు పోసింది. ఆ సాయంత్రం మొత్తం పద్నాలుగు మంది వచ్చారు. ప్రతి ఒక్కరితో ఇంట్లోవాళ్ళు ఎవరైనా వస్తేనే మొదలుపెట్టాం. లేకపోతే పిలుచుకురమ్మని పంపాం.

పద్నాలుగు పేర్లూ నోటు పుస్తకంలో రాసుకున్నాను. నెల తర్వాత సెలవు పెట్టుకుని వెళ్ళాను. ఐదుగురే కడుగుతున్నారు. నాకు కోపం వచ్చింది. కూర్చుని అడిగితే కోపం పోయింది. కుళాయి నీళ్ళు పొద్దున ఒక గంటే వస్తాయి, అదే వేళకి వంట, పిల్లల బడి. బృందం వాళ్ళు ఇచ్చిన గాజుగుడ్డ వారంలో అయిపోయింది, మళ్ళీ కొనడానికి ఆ ఊళ్ళో మందుల షాపు లేదు. మంచి తువ్వాలు ఇచ్చాం కదా, దాన్ని పెళ్ళికెళ్ళేటప్పుడు వాడదామని బీరువాలో దాచారు. ఒకావిడకి వంగి తన వేళ్ళు తనకి అందవు, కొడుకు హైదరాబాదులో.

అందుకని గాజుగుడ్డ మానేశాం. పాత పంచె చింపి జానెడు ముక్కలు చేసి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, డబ్బాలో పెట్టుకోమన్నాం. కడగడం రాత్రి అన్నాల తర్వాతకి మార్చాం. ఎవరూ లేని ఆవిడకి పక్కింటి పిల్ల ఒప్పుకుంది. ఆరోగ్య కేంద్రంలో బోదకాలు వాళ్ళకి బేసిన్, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్టు ఇస్తారు, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఆశా కార్యకర్తని కలిసి పేర్లు రాయించాం. మరుసటి ఏడు అదే బృందంలోవాళ్ళు ఆరుగురు మళ్ళీ వచ్చేసరికి తొమ్మిది మంది రోజూ కడుగుతున్నారు. ఇద్దరు చనిపోయారు. ముగ్గురు ఎంత చెప్పినా వినలేదు. తాత కాలు సన్నబడలేదు, అబద్ధం చెప్పను. కానీ నెలనెలా వచ్చే జ్వరం ఆ ఏడాది మొత్తం మీద రెండుసార్లే వచ్చింది. మేం వెళ్ళేసరికి ఏటిగట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

వచ్చేవాళ్ళని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. పది రోజులు సెలవు పెట్టి, సొంత డబ్బు పెట్టుకుని, ఆ దోమల్లో పడుకున్నారు. మనలో ఎంతమందిమి చేస్తాం? 1996 నవంబరు 6 తుపాను తర్వాత వచ్చిన ఒక బృందం పెట్టెలకి పెట్టెలు ఉన్ని స్వెట్టర్లు తెచ్చింది. కోనసీమకి స్వెట్టర్లు! (నవ్వులు) అందరం నవ్వుకున్నాం. మంకీ క్యాపులు మాత్రం ఐదు నిమిషాల్లో అయిపోయాయి, మన తాతలకి మంకీ క్యాపు అంటే ప్రాణం కదా. ఏం కావాలో రాసి పంపండని వాళ్ళు ముందే ఉత్తరం రాశారట. మనవాళ్ళు జవాబు రాయలేదు. తప్పు ఎవరిదంటారు?

ఈ ఊరికి మొదట వచ్చినవాళ్ళని చూడండి. 1836లో గ్రోవ్స్ అనే మిషనరీ గారితో పాటు ఇంగ్లండులో ఓడ ఎక్కి వచ్చారు బౌడెన్, బీర్, వాళ్ళ భార్యలూ. ఒకరు రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఒకరు చెప్పులు కుట్టేవారు. పెద్ద చదువులవాళ్ళు కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, దానికి పదేళ్ళ ముందే మన బురదలోకి వచ్చారు. ముందు బందరులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. వాళ్ళకి నాలాంటి తర్జుమా మనిషి అక్కర్లేకపోయింది, ఎందుకంటే వాళ్ళు వెనక్కి వెళ్ళే తేదీ పెట్టుకుని రాలేదు. ఇప్పుడొచ్చేవాళ్ళ చేతిలో రిటర్ను టికెట్టు ఉంటుంది. అది తప్పేమీ కాదు. ఇక్కడ ఉండేది మీరు కాబట్టి, నోటు పుస్తకం మీ దగ్గర ఉండాలి. వాళ్ళు రాకముందు ఎవరి ఇంటికి వెళ్ళాలో రాసుకునేది మీరు, వాళ్ళు వెళ్ళిన నెలకి మళ్ళీ ఆ ఇళ్ళు తిరిగేది మీరు. బీపీ మాత్రలు కూడా ఇంతే, క్యాంపులో నెల రోజుల మాత్రలు చేతిలో పెడితే ముప్పై ఒకటో రోజు సంగతేంటి? ఆ మనిషిని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి కార్డు రాయించేదాకా మీ పని అయినట్టు కాదు.

ఆ నర్సు పిల్ల ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది. బాగున్నారా అని తెలుగులోనే అడుగుతుంది. తర్వాత తాత సంగతి అడిగేది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ కోడలి సంగతి అడుగుతుంది. ఆ కోడలు ఆ వీధిలో ఇంకో నలుగురికి నేర్పింది.

సరే, టీ వచ్చినట్టుంది, వాసన తగులుతోంది. తాగేసి వరండాలోకి రండి. ఆరు బేసిన్లు పెట్టించాను, సబ్బులున్నాయి, మా ఆయన పాత పంచెలు రెండు చింపి తెచ్చాను. ఇద్దరిద్దరు జతగా కూర్చోండి, మగపిల్లలు ఇటు, ఆడపిల్లలు అటు. ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడగాలి. సిగ్గుపడతారు, నాకు తెలుసు. కడిగేవాళ్ళకన్నా కడిగించుకునేవాళ్ళకే ఎక్కువ సిగ్గు, అది కూడా చూద్దాం. వేళ్ళ సందులు ఆరాయో లేదో నేనొచ్చి కాగితం పెట్టి చూస్తాను, తడి తగిలితే మళ్ళీ మొదటి నుంచి. సెల్‌ఫోన్లు మాత్రం ఈ బల్ల మీద పెట్టి వెళ్ళండి.